లేని స్వప్నకు దొరికిన నేస్తం

బెంగళూరు కాటన్‌పేట మెయిన్ రోడ్డులో, బజారంతా చూస్తుండగా, ఒక అమాయకుణ్ణి దుర్మార్గుడని పట్టించి, ఆ తప్పు దిద్దుకునేలోపే మా హెడ్‌మిస్ట్రెస్‌ను అసలు దుర్మార్గుడి స్థానంలో పట్టుకున్న ఘనత నాది. ఇంతటి ఘనకార్యం నేనేదో చెడు సావాసాలు పట్టి చేశాననుకునేరు. కాదు. ఇంటర్నెట్‌లో పిల్లలు మోసపోకుండా ఎలా చూసుకోవాలో టీచర్లకు నేర్పే పనిలో, ఎంతో శ్రద్ధగా, మెడలో బ్యాడ్జీ వేసుకుని మరీ చేశాను.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయిన రోజులవి. నాకు ఇరవై ఆరేళ్ళు. కాటన్‌పేటలోనే ఒక ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా నాన్నకు అదే వీధిలో దారాల కొట్టు ఉండేది, అందరూ దారాల రంగప్ప అనేవాళ్ళు. నేనెప్పుడో ఒక కంప్యూటర్ కోర్సు చేసిన పాపానికి బళ్ళో ప్రింటరు కాగితం మింగినా నన్నే పిలిచేవారు, స్టాఫ్ రూములో ఫ్యాను తిరక్కపోయినా నన్నే పిలిచేవారు. కాబట్టి వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు టీచర్లకు శిక్షణ పెడుతున్నారని తెలియగానే బడి తరపున నన్ను పంపారు. అక్కడ నేర్చుకుని వచ్చి మా టీచర్లకూ, చుట్టుపక్కల బడుల టీచర్లకూ నేర్పాలి. అదీ ఏర్పాటు.

ఆ అద్దాల మేడ, ఆ చల్లదనం, మధ్యాహ్నం భోజనంలో ఆ ఐస్‌క్రీమ్. రెండు బస్సులు మారి ఇల్లు చేరేసరికి నేను మామూలు మనిషిని కాను. బెంగళూరు ఆడపిల్లలందరినీ కాపాడే బాధ్యత నా భుజాల మీద పెట్టి పంపారన్నంత గంభీరంగా ఉన్నాను.

మా నాన్న కంచం ముందు కూర్చుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమ్మా, ఆ బిళ్ళ మెళ్ళో ఏసుకునే అన్నం తినాల్నా?"

"అది బిళ్ళ కాదు నాన్నా, బ్యాడ్జి. ట్రైనర్ అని ఉండాది చూడు."

"సరేలేమ్మా. చారులో పడకుండా చూసుకో."

మొదటి క్లాసు మా టీచర్లకే తీసుకున్నాను. ముందు వరుసలో మా హెడ్‌మిస్ట్రెస్ రుక్మిణమ్మ గారు. పొడుగ్గా, సన్నగా, గంజి పెట్టిన నూలు చీరలో, బల్ల మీద నిలబెట్టిన స్కేలులా ఉండేవారు. ఆవిడ చెప్పుల చప్పుడు వినబడితే వరండాలో పిచ్చుకలు కూడా వరుసలో నిలబడతాయని పిల్లలు చెప్పుకునేవారు. పెళ్ళి చేసుకోలేదు. నవ్వడం మేమెవరం చూడలేదు.

నేను గోడ మీద రూల్సు రాసి అతికించాను. ఇంటర్నెట్‌లో సొంత పేరు చెప్పకూడదు. బడి పేరు చెప్పకూడదు. ఫోటో పెట్టకూడదు. తెలియనివాళ్ళు ఎక్కడికైనా రమ్మంటే వెళ్ళకూడదు. ఎవరైనా నువ్వెక్కడుంటావు, ఇంట్లో ఎవరుంటారు, ఎన్ని గంటలకు బడి వదులుతారు అని అడిగారంటే అది ప్రమాద సూచన.

రుక్మిణమ్మ గారు గొంతు సవరించుకున్నారు. "ఈ రూల్సు పిల్లోళ్ళకా, మాకు కూడానా?"

"అందరికీ మేడమ్. పెద్దవాళ్ళు కూడా సొంత పేరుతో తిరగకపోవడమే మంచిది."

ఆవిడ తలూపి కాగితం మీద రాసుకున్నారు. ఆ తలూపడానికి నేను పొంగిపోయాను. తరవాత ఏడ్చింది కూడా దానికే.

కానీ మా పి.టి. మాస్టరు మునిరాజప్ప గారికి నమ్మకం కుదరలేదు. రోజూ ఆనేకల్ నుంచి బస్సులో వచ్చే భారీ మనిషి, ఆయన గొంతుకి మైకు అవసరం ఉండేది కాదు. "మొగం తెలీనోడితో పిల్లోళ్ళు ఎందుకు మాట్లాడతారమ్మా? సుమ్నే, ఊరికే భయపెడ్తా ఉండావు. ఒక్కడినైనా చూపించు, అప్పుడు నమ్ముతా."

చూపించు అన్నారు కదా, చూపిద్దామనుకున్నాను. అక్కడే నా బుర్ర తిరగవలసిన వైపు కాకుండా ఇంకో వైపు తిరిగింది.

ఆ రోజుల్లో స్నేహితుల్ని కలిపే సైటు ఒకటి కొత్తగా ఊరంతా పట్టుకుంది. అందులో నేను ఒక పిల్లను పుట్టించాను. పేరు స్వప్న. తొమ్మిదో తరగతి. పాటలంటే ఇష్టం, వానంటే ఇష్టం. ఇంకో బడి పేరు ఊహించే ఓపిక లేక మా బడి పేరే పెట్టేశాను. ఏ రూలునైతే నా చేత్తో గోడకు అతికించానో ఆ రూలునే. చివర్లో రసవత్తరంగా ఉంటుందని ఒక వాక్యం చేర్చాను: "మా ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడరు." పడుకునే ముందు దాన్ని చదువుకుని నాకే కళ్ళు చెమర్చాయి. రచయిత్రిని కావలసినదాన్ని, సోషల్ టీచర్నయ్యాను అనుకున్నాను.

ఆ వారం తిరక్కుండానే ఒక మెసేజ్ వచ్చింది. పేరు వెల్‌విషర్. ముఖం ఉండవలసిన చోట ఎర్ర గులాబీ బొమ్మ. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"పాపా, బాగుండావా? అన్నం తిన్నావా?"

అన్నం తిన్నావా అని అడగడం. ఎంత తెలివైనవాడు. వైట్‌ఫీల్డ్‌లో చెప్పనే చెప్పారు, ముందు మంచి మాటలతో దగ్గరవుతారని.

"తినలేదు. ఆకలి లేదు" అని రాశాను.

"అట్ల చెయ్యొద్దు. ఎంత బేజారైనా అన్నం మీద కోపం చూపించకూడదు. నీది ఏ సెక్షను?"

సెక్షను. ప్రమాద సూచన నంబరు ఒకటి. మర్నాడు ఇంకొకటి: "ఇంట్లో ఎవరెవరు ఉండారు? బడి వదిలినాక నేరుగా ఇంటికే పోతావా?" ఆ తరవాత: "అమ్మకి చెప్పేదానికి భయమైతే నాకు చెప్పు. నేను ఎవరికీ చెప్పను."

చూశారా, గోడ మీద నేను రాసినవన్నీ ఒక్కొక్కటే వరసగా అడుగుతున్నాడు. సిలబస్ చదివి వచ్చినట్టున్నాడు. నాకు భయం వేయాల్సింది పోయి సంతోషం వేసింది. వచ్చే వారం చుట్టుపక్కల బడుల టీచర్లు మా బడికి శిక్షణకు వస్తున్నారు. వాళ్ళ ముందు నిజమైన దుర్మార్గుణ్ణి పట్టిన దాన్నని నిలబడితే ఎలా ఉంటుంది? ఇలాంటివి పోలీసులకు చెప్పాలని శిక్షణ పుస్తకంలో ఒక పేజీ ఉంది. ఆ పేజీ నేను గబగబా తిప్పేశాను.

మునిరాజప్ప గారికి మాత్రం మెసేజ్‌లు చూపించాను. ఆయన మొహం ఎర్రబడింది.

"వీడెవడమ్మా, మన పక్కోడి మాదిరే మాట్లాడతా ఉండాడు. వాణ్ణి పిలిపించు. మిగతాది నాకు వదిలెయ్."

"మీరు కొట్టకూడదు సార్."

"కొట్టను. పట్టుకుంటా అంతే."

ఆ వారం బళ్ళో ఇంకో వింత జరుగుతోంది. రుక్మిణమ్మ గారు తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే తన గదికి పిలిపించుకుని గోళ్ళు చూస్తున్నారు, జడలు చూస్తున్నారు, చాలాసేపు పంపడం లేదు. ఇన్‌స్పెక్షన్ వస్తోందని స్టాఫ్ రూములో అందరం అనుకున్నాం. నేను అనుకోవడానికి కూడా తీరిక లేనంత పనిలో ఉన్నాను. నేను స్వప్నను.

శుక్రవారం సాయంత్రం స్వప్న చేత ఆఖరి అస్త్రం వేయించాను. "నాకు ఇక్కడ ఉండబుద్ధి కావడం లేదు. ఎక్కడికైనా వెళ్ళిపోతాను."

జవాబు వెంటనే వచ్చింది. అక్షరాలన్నీ తప్పులు. "ఎక్కడికీ పోవద్దు. నేను వస్తా. నువ్వు ఎక్కడ ఉంటావో చెప్పు పాపా. రేపే వస్తా."

"రేపు బడి వదిలాక, మెయిన్ రోడ్డు బేకరీ దగ్గర. నేను నీలం రిబ్బను కట్టుకుంటాను. మిమ్మల్ని ఎలా గుర్తుపట్టాలి?"

"నా చేతిలో పచ్చ సంచి ఉంటాది."

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఎండలో నేనూ మునిరాజప్ప గారూ బేకరీ ఎదురుగా, చాపల కొట్టు పక్కన నిలబడ్డాం. నేను దుపట్టా తల మీదుగా కప్పుకున్నాను, ఎవరూ గుర్తుపట్టకుండా. పుట్టి పెరిగిన వీధి కాబట్టి దారినపోయే ప్రతివాళ్ళూ "ఏం పద్మజా, ఎండగా ఉండాదా?" అని పలకరించి వెళుతున్నారు.

కాసేపటికి ఒకాయన వచ్చాడు. గుబురు మీసం, నల్ల కళ్ళద్దాలు. చేతిలో ఆకుపచ్చ సంచి. బేకరీ ముందు నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. నా గుండె కుట్టు మిషనులా కొట్టుకుంది. ఇంతలో పక్క అంగడిలోంచి, మా యూనిఫారంలాంటిదే వేసుకున్న ఒక పిల్ల వచ్చింది. ఆయన వంగి, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, అద్దంలో కేకులు చూపించాడు.

"సార్" అన్నాను. అంతే. పక్కన చూస్తే మునిరాజప్ప గారు లేరు. రోడ్డు దాటేశారు. ఆయన చెయ్యి ఆ పెద్దమనిషి కాలరు మీద ఉంది.

"ఎవరి కోసం వచ్చినావు?"

"పాప కోసం వచ్చినా. ఎందుకప్పా?"

"ఒప్పుకున్నాడు చూడమ్మా. పాప కోసమే అంట."

"కేకు కొనిచ్చేదానికి వచ్చినా. కాలరు వదులప్పా."

"కేకు కొనిస్తానని పిలిపించినావా?"

"పిలిపించేదేముండాది, ఇంటి నుంచే తోడుకోనొచ్చినా."

"ఈ పాప నీకేమవుతాది?"

"కూతురవుతాది."

మునిరాజప్ప గారి చెయ్యి మెల్లగా కాలరు వదిలి, ఆ కాలరునే ఇస్త్రీ చేస్తున్నట్టు సవరించడం మొదలుపెట్టింది. అప్పటికే అరటిపళ్ళ బండి వాడి నుంచి ఆటోవాళ్ళ దాకా అందరూ చుట్టూ మూగారు. ఆ పిల్ల ఏడుపు లంకించుకుంది. ఆవేళ తన పుట్టినరోజట. ఆయన నల్ల కళ్ళద్దాలు తీసి నా వంక చూశాడు.

"నువ్వు దారాల రంగప్ప కూతురు కదమ్మా? నేను ఆనేకల్ నుంచి మీ నాయన అంగడికే వస్తా ఉంటాను, మగ్గాలకి దారం కావాలని. ఏం గలాటా ఇది?"

భూమి చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది. కాటన్‌పేట రోడ్డు చీలికలకు కొదువ లేదు, కానీ ఏదీ నా కొలతకు సరిపోయేది కాదు. నేను నోరు తెరిచేలోపు గుంపు రెండుగా విడిపోయింది. చెప్పుల చప్పుడు. మా రుక్మిణమ్మ గారు. ఎండలో పరుగులాంటి నడకతో వచ్చారు. ఎప్పుడూ చెదరని కొప్పు జారిపోయి ఉంది. చేతిలో టిఫిను క్యారియరు, పసుప్పచ్చ సంచిలో.

ఆవిడ మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. ఆవిడకు అంత వ్యవధి లేదు. సరాసరి నా దగ్గరకొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"పద్మజా, ఇక్కడ నీలం రిబ్బను కట్టుకున్న పాప ఎవరన్నా వచ్చిందా? నువ్వు చూసినావా?"

నేను ఆ సంచి వంక చూశాను. సంచి నా వంక చూసింది.

"మేడమ్, పచ్చ సంచి అంటే..."

"ఇదే కదమ్మా పచ్చ సంచి. పసుప్పచ్చ." అప్పుడు ఆగారు. "సంచి సంగతి నీకెట్ల తెలుసు?"

మునిరాజప్ప గారు ఆకాశం వైపు చూస్తూ వాతావరణం గమనిస్తున్నారు. నేను చెప్పవలసి వచ్చింది. దుపట్టా కొస నలుపుతూ, అందరి ముందూ చెప్పాను. స్వప్న నేనే మేడమ్. టీచర్లకు చూపిద్దామని పెట్టాను. ఆ పిల్ల లేదు.

"లేదా?"

"లేదు మేడమ్."

"ఇంట్లోంచి పోతానన్న పాప..."

"నేనే రాశాను."

తిడతారనుకున్నాను. సస్పెండు చేస్తారనుకున్నాను. అక్కడికక్కడే ఇంకో ఉద్యోగం ఏం చేయాలో కూడా ఆలోచించడం మొదలుపెట్టాను, దారాల కొట్టే గతి. రుక్మిణమ్మ గారు బేకరీ బల్ల మీద కూలబడ్డారు. కళ్ళు మూసుకుని, "అబ్బ. బతికిపోయింది" అన్నారు. బతికిపోయింది ఇంట్లోంచి పోతానన్న ఆ లేని పిల్ల అని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకున్నారు. ఒట్టి చెమట కాదు అది.

ఆనేకల్ పెద్దమనిషికి క్షమాపణలు చెప్పి, ఆ పాప కోరిన కేకు నేనే కొనిచ్చి పంపించాం. గుంపు కరిగిపోయింది. ఆవిడ క్యారియరు విప్పి నా ముందు పెట్టారు. చిత్రాన్నం.

"అన్నం తినలేదని రాసినావే, అని చేసుకోనొచ్చినా. నువ్వే కదా స్వప్నవి, నువ్వే తిను."

తిన్నాను. మునిరాజప్ప గారు కూడా తిన్నారు, శిక్షలో సగం పంచుకోవాలని కాబోలు. తింటుంటే ఒక్కో సంగతీ బయటపడింది. నా క్లాసు విన్న వారంలోనే ఆవిడ తమ్ముడి కూతురి దగ్గర కూర్చుని ఆ సైటులోకి వెళ్ళారట. మన బడి పిల్లలు ఎవరైనా అందులో ఉన్నారేమో చూద్దామని బడి పేరు వెతికితే స్వప్న దొరికింది. పేరు చెప్పకూడదని, ఫోటో పెట్టకూడదని నేను చెప్పాను కాబట్టి వెల్‌విషర్ అయ్యారు, గులాబీ పెట్టారు. హాజరు పట్టీలో స్వప్న లేకపోతే, పాపం ఆ పిల్ల కూడా పద్మజ చెప్పిన రూలు పాటించి పేరు మార్చుకుందనుకున్నారు.

"మీరు అడిగినవన్నీ దుర్మార్గులు అడిగే ప్రశ్నలు మేడమ్" అన్నాను, కొంచెం ధైర్యం వచ్చి.

"తల్లులు అడిగేవి కూడా అవేనమ్మా" అన్నారు ఆవిడ.

అప్పుడు తెలిసింది గోళ్ళ తనిఖీ ఎందుకో.

"ఒక్కొక్కరినే పిలిచి కూర్చోబెట్టుకుని మాట్లాడినాను, నువ్వేనా స్వప్న అని తెలుసుకుందామని. స్వప్న దొరకలేదు. భారతి దొరికింది."

భారతి నా క్లాసు పిల్లే. నా కుర్చీకి ఎదురుగానే కూర్చునేది.

"సైబర్ సెంటర్లో ఎవడో పరిచయమైనాడంట. ఫోటో అడిగి తీసుకున్నాడంట. ఇంకోటి పంపకపోతే మీ నాయనకి చూపిస్తానని బెదిరిస్తా ఉండాడంట. నువ్వేనా స్వప్న అని అడిగితే కాదు మేడమ్ అని, నా ఒళ్ళో తల పెట్టి ఒకటే ఏడుపు. వాళ్ళమ్మని పిలిపించి, ముందర బిడ్డని తిట్టొద్దని మాట తీసుకున్నాను. ఆమేలె, మాట తీసుకున్నాక, ముగ్గురం స్టేషన్‌కి పోయి చెప్పినాము. వాడు దొరికినాడు. నిన్నటి నించి భారతి అన్నం తింటా ఉండాదంట."

ఆ పిల్ల కొన్నాళ్ళుగా నా పాఠం వినకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే నేను రెండుసార్లు కోప్పడ్డాను. ఎదురుగా ఉన్న పిల్లను కోప్పడి, సాయంత్రం ఇంటికి వెళ్ళి, లేని పిల్ల దుఃఖానికి కన్నీళ్ళు పెట్టుకున్నాను. ఆ మాట ఆవిడతో అన్నాను.

"కోప్పడితే ఏమి, సోమవారం పోయి మాట్లాడు" అన్నారు. "మేము మాత్రం ముందే చూసినామా? నువ్వు ఆ పాపని పుట్టియ్యకపోతే నేను ఎవరినీ పిలిచేదాన్నే కాదు."

సోమవారం పొద్దున భారతితో మాట్లాడాను. సాయంత్రం స్వప్నను తీసేయడానికి నేనూ రుక్మిణమ్మ గారూ కంప్యూటరు ముందు కూర్చున్నాం. నేను మీట నొక్కబోతుంటే ఆవిడ "ఉండు" అన్నారు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒక్క వేలితో, స్వప్నకు ఆఖరి మెసేజ్ రాశారు. "పోయొస్తా పాపా. జాగ్రత్త." ఆ పిల్ల లేదని ఆవిడకు తెలుసు. ఆవిడకు తెలుసని నాకూ తెలుసు. ఆ మెసేజ్ వెళ్ళాక ఆవిడే "ఇప్పుడు తీసెయ్" అన్నారు.

ఆ శనివారం చుట్టుపక్కల బడుల టీచర్లు మా హాలు నిండా వచ్చారు. నన్ను మళ్ళీ వేదిక ఎక్కనిస్తారని నేను అనుకోలేదు. రుక్మిణమ్మ గారు మైకు అందుకున్నారు.

"ఈమె పద్మజ. మా బళ్ళో ఇంతవరకూ ఇంటర్నెట్‌లో దొంగ పేరు పెట్టుకుని మనుషుల్ని నమ్మించింది ఈమె ఒక్కతే. నమ్మి మోసపోయింది నేనొక్కదాన్నే. ఇద్దరికీ అనుభవం ఉండాది. కాబట్టి మేము చెప్పేది మీరు శ్రద్ధగా వినాల."

హాలంతా గొల్లుమంది. ఆవిడ కూడా నవ్వారు. అదే మొదటిసారి. వెనక వరుసలో నిలబడిన మా టీచర్లు నవ్వడం మరచిపోయి ఆవిడ వంక చూశారు. ఆ రోజు మేమిద్దరం కలిసే శిక్షణ ఇచ్చాం. రూల్సు నేను చెప్పాను. పిల్ల ఏడుస్తూ వచ్చి తప్పు చేశాను మేడమ్ అంటే మొదట ఏం అనాలో, ఏం అనకూడదో ఆవిడ చెప్పారు. రూల్సుకన్నా అదే అందరూ ఎక్కువ రాసుకున్నారు.

కాబట్టి చదువరులారా, సుద్దముక్క చేతపట్టి, నల్లబల్ల సాక్షిగా నేను చేసిన ప్రమాణం మీకూ వినిపిస్తున్నాను. ఈ జన్మలో నేను ఎవరి కాలరూ పట్టించను. ఏ రంగు సంచినీ అనుమానించను. ఇంటర్నెట్‌లో లేని పిల్లను మళ్ళీ పుట్టించను. ఉన్న పిల్లలు నాకు ఎదురుగా, బెంచీల నిండా కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఎవరు కిటికీలోంచి చూస్తున్నారో చూసుకోవడానికే నాకు ఈ ఉద్యోగం చాలడం లేదు.